కాలేజీ ఆవరణలో 140 చెట్లు: తలలు కొట్టించాలా వద్దా?

మీరు అడిగింది ఇదీ. అనంతపురం శివార్లలో కాలేజీ, దాన్ని ఆనుకుని హాస్టలు, ఆవరణలో చిన్నా పెద్దా 140 చెట్లు. పోయిన వారం గాలివానకు తురాయి కొమ్మ ఒకటి విరిగి బైకుల షెడ్డు మీద పడింది, మనుషులకు ఏమీ కాలేదు. యాజమాన్యం బెదిరిపోయి "అన్నిటికీ తలలు కొట్టించేయండి" అంటోంది. చెట్లు కొట్టే మేస్త్రీ చెట్టుకు ఇంత అని గుత్త రేటు చెప్పాడు, కలప తీసుకుంటే రేటు తగ్గిస్తానన్నాడు. ఆవరణ బాధ్యత మీది, సంతకం మీరే పెట్టాలి.

సంతకం పెట్టకండి. తల కొట్టిన చెట్టు ఆ ఏడాదికి పొట్టిగా, భద్రంగా కనిపిస్తుంది. లోపల జరిగేది వేరు. అంత పెద్ద గాయాన్ని చెట్టు మూసుకోలేదు. వాన నీళ్లు దిగి పైనుంచి కిందికి పుచ్చుతూ వస్తుంది. ఆ గాయం అంచున పదీ పదిహేను చిగుళ్లు గుంపుగా లేస్తాయి. మామూలు కొమ్మ చిన్నప్పటి నుంచీ మానుతో పొర మీద పొర అల్లుకుంటూ పెరుగుతుంది, ఈ చిగుళ్లేమో పై పొరకు అతికించినట్టు ఉంటాయి. మూడు నాలుగేళ్లకు పైన చేయంత లావు కొమ్మలు, వాటి కింద పుచ్చిన మొండెం మిగులుతాయి. అప్పుడొచ్చే గాలివాన మీకు ఇప్పటికంటే పెద్ద పనే పెడుతుంది. ఇంకోటి, నీడ పోయిన బెరడు మీద మన ఏప్రిల్, మే ఎండ పడమటి నుంచి నేరుగా కొడితే బెరడు కమిలి పగులుతుంది, అక్కడో కొత్త పుండు.

గుత్త సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చెట్టుకు ఇంత అని మాట్లాడుకుంటే కూలీకి త్వరగా తెమిలే పని మోడు చేయడమే. కలప కూలీ కింద జమ అన్నారంటే ఇంకా నష్టం: లావుగా, గట్టిగా ఉన్న కొమ్మలు పోతాయి, బరువు తూగని ఎండు కొమ్మలు పైనే ఉంటాయి. మీకు కావాల్సింది సరిగ్గా దానికి తలకిందులు. రోజు కూలీ లెక్కన మాట్లాడండి, ఏ చెట్టుకు ఏ కొమ్మ అన్నది ముందే సున్నంతో గుర్తు పెట్టండి, కలప లెక్క వేరేగా చూసుకోండి.

పని ఎక్కడ మొదలుపెట్టాలంటే, చెట్టు దగ్గర కాదు. చెట్టు కింద ఎవరున్నారు, ఎంతసేపున్నారు అన్న దగ్గర. వెనక మూల కంపల మధ్య పూర్తిగా ఎండిన మాను ఉన్నా దానివల్ల ఎవరికీ ప్రమాదం లేదు, పాలపిట్టలకు మేలు కూడా. ఆరోగ్యంగా కనిపించే వేప ఒకటి హాస్టలు మెస్సు ముందు, పూటకు రెండొందల మంది వరసలో నిలబడే చోట ఉంటే ముందు చూడాల్సింది అదే. ఆవరణ పటం ఒకటి గీసుకుని, మనుషులు నిలిచే, కూర్చునే, నిద్రపోయే చోట్లన్నీ గుర్తు పెట్టండి: బస్సు ఆగే చోటు, బైకుల షెడ్డు, హాస్టలు గదుల కప్పులు, టీ బంకు, ట్రాన్స్‌ఫార్మరు, వాచ్‌మన్ కుర్చీ. (ఆవరణలో అన్నిటికంటే ముసలి చెట్టు ఏదో తెలుసుకోవాలంటే వాచ్‌మన్ కుర్చీ ఎక్కడుందో చూస్తే చాలు.) ఒక్కో చెట్టు చుట్టూ దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరం గీత గీయండి. ఆ గీత లోపల మనుషులు రాని చెట్లను ప్రస్తుతానికి పక్కన పెట్టేయొచ్చు.

ఎత్తు కొలవడానికి పరికరం అక్కర్లేదు. మీ చేయి పొడవుకు సమానమైన కర్ర తీసుకుని, చేయి చాచి నిలువుగా పట్టుకోండి. కర్ర కింది కొస చెట్టు మొదలుకు, పై కొస చెట్టు చివరకు సరిపోయేదాకా వెనక్కి నడవండి. అక్కడి నుంచి చెట్టుకు ఎంత దూరమో చెట్టు ఎత్తు సుమారుగా అంతే. నేల వాలుగా ఉంటే లెక్క తప్పుతుంది, అప్పుడు పక్కకు జరిగి ఇంకోసారి చూడండి.

మిగిలిన చెట్లను ఏడాదికి రెండుసార్లు చూడాలి. ఒకటి ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో. వేప, తురాయి లాంటివి ఆకు రాల్చి ఉంటాయి కాబట్టి కొమ్మల అమరిక, పంగలు, ఎండు కొమ్మలు స్పష్టంగా కనిపిస్తాయి, ఏప్రిల్‌లో ఈదురుగాలులు మొదలయ్యేలోగా పని చేయించడానికి నెల గడువు దొరుకుతుంది. రెండోది సెప్టెంబరులో, ఈశాన్య రుతుపవనాల వానలకు ముందు. పుట్టగొడుగులు తేమ ఉన్నప్పుడే బయటపడతాయి, మార్చిలో కనిపించని కుళ్లు అప్పుడు కనిపిస్తుంది. ఇవికాక పెద్ద గాలివాన పోయిన మర్నాడు ఒక చుట్టు నడవడం. సామాను: టేపు, రబ్బరు లేదా చెక్క సుత్తి, పెన్సిలంత లావు రెండడుగుల ఇనుప చువ్వ, మేస్త్రీలు వాడే తూకపు గుండు, దొరికితే బైనాక్యులర్. ఫోన్‌లో ఫోటో ప్రతిసారీ ఒకే చోట నిలబడి తీయండి. ఆ చోట నేల మీద పెయింటు గుర్తు వేయించండి. ఒరుగుదల పెరుగుతోందో లేదో చెప్పేది ఆ రెండు ఫోటోల మధ్య తేడానే.

చెట్టును కింది నుంచి పైకి చూడాలి. అందరూ తల పైకెత్తి కొమ్మలే చూస్తారు. కొమ్మ విరిగితే షెడ్డు రేకు పోతుంది, మొదలుతో సహా పడితే గోడే పోతుంది. అలా పడే చెట్టు సూచన నేలలోనే ఇస్తుంది.

మన నేలల సంగతి వేరు. అనంతపురం చుట్టుపక్కల చాలాచోట్ల ఎర్రమట్టి రెండు మూడడుగులు, కింద గరుసు, ఆ కింద బండ. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాయి పొరలు పైకే ఉంటాయి. అలాంటి చోట అడుగున్నర గుంత తీసి, పాలిథిన్ కవరు సరిగ్గా చింపకుండా మొక్క పెడితే వేళ్లు తొట్టిలో ఉన్నట్టు గుండ్రంగా తిరుగుతాయి. పైన ఇరవై అడుగుల చెట్టు, కింద గంపంత వేరు ముద్ద. ఎండాకాలమంతా నిలబడుతుంది, మూడు రోజులు ముసురు పట్టి మట్టి మెత్తబడ్డాక ఓ మోస్తరు గాలికే పెకలుతుంది. 2021 నవంబరులో కడప, అనంతపురం జిల్లాల్లో పడ్డట్టు రోజుల తరబడి వాన పడితే పెద్ద గాలి కూడా అక్కర్లేదు. దీన్ని పట్టుకునే పద్ధతి సులువు. మంచి చెట్టు మొదలు నేలను తాకే చోట ఏనుగు పాదంలా వెడల్పవుతుంది. కాండం కరెంటు స్తంభంలా నిటారుగా నేలలోకి దిగుతుంటే రెండిట్లో ఒకటి: మట్టి పోసి మొదలు పూడ్చేశారు, లేదా వేళ్లు చుట్టుకుని ఉన్నాయి. తొలికతో నెమ్మదిగా ఒక అడుగు లోతు మట్టి తీసి చూడండి. కాండాన్ని ఒరుసుకుంటూ అడ్డంగా చుట్టిన వేరు కనిపిస్తే, అది చేతివేలి లావే ఉంటే కోసేయొచ్చు. మణికట్టు లావుంటే అదే చెట్టుకు ఆధారం కూడా కావచ్చు, తొందరపడొద్దు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో వేళ్లు నీళ్లున్న వైపే పోతాయి. మెస్సు కడిగిన నీళ్ల కాలువ, సెప్టిక్ ట్యాంకు, రోజూ తడిపే లాను ఎటుంటే అటు వేళ్లు దట్టంగా, రెండో వైపు పలుచగా ఉంటాయి. లానులోని చెట్టుకైతే రోజూ పైపైన నీళ్లు పెట్టడం వల్ల వేళ్లు లోతుకే పోవు. అందుకే కాలువ మరమ్మతుకు జేసీబీ పెట్టేటప్పుడు చెట్టుకు ఉన్న ఒక్క బలమైన వైపును కోసేస్తున్నామేమో చూసుకోవాలి. లెక్క ఇలా: ఛాతీ ఎత్తులో, నేల నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర, చుట్టుకొలత తీసి 3.14తో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది. దానికి 12 రెట్ల దూరం వరకు చెట్టు బతకడానికి కావాల్సిన వేళ్లు, 3 రెట్ల లోపు చెట్టును నిలబెట్టే వేళ్లు ఉంటాయని పట్టుకోండి. ఆరడుగుల చుట్టుకొలత వేపకు అడ్డుకొలత సుమారు 58 సెంటీమీటర్లు. అంటే ఏడు మీటర్ల లోపు కందకం తవ్వేముందు ఆలోచించాలి, ఆరడుగుల లోపు జేసీబీ పన్ను తగలనే కూడదు. ఇంటర్నెట్ కేబుల్‌కైనా, నీళ్ల పైపుకైనా ఆ లోపల చేత్తో తవ్వి, వేళ్ల కిందుగా దూర్చాలి. వేళ్లు కోసిన చెట్టు ఆ ఏడే పడకపోవచ్చు. కోసిన చోట కుళ్లు పట్టి మూడో ఏటో నాలుగో ఏటో పడుతుంది, అప్పటికి కందకం సంగతి ఎవరికీ గుర్తుండదు. కాబట్టి గత ఐదేళ్లలో ఆవరణలో ఎక్కడెక్కడ తవ్వారో పాత ఎలక్ట్రీషియన్నీ, ప్లంబర్నీ కూర్చోబెట్టి అడిగి పటంలో ఎర్ర గీత గీయండి. ఏ పరికరమూ ఇవ్వని సమాచారం అది.

నేల పగుళ్ల దగ్గర చాలామంది పొరపడతారు. నంద్యాల, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడిలో ఎండాకాలం నేలంతా వలలా నెర్రెలిస్తుంది, దానికీ చెట్టుకూ సంబంధం లేదు. భయపడాల్సిన పగులు విల్లులా వంగి ఉంటుంది. చెట్టుకు రెండు నుంచి ఐదడుగుల దూరంలో, చెట్టు ఒరిగిన వైపుకు ఎదురువైపున, పక్కన నేల కొంచెం ఉబ్బి ఉంటుంది. గాలి వీచేటప్పుడు దూరంగా నిలబడి చూస్తే ఆ నేల ఊపిరి తీస్తున్నట్టు లేచి పడుతుంది. అది కనిపిస్తే మిగతా పరీక్షలు ఆపేసి ఆ చోటు తాడు కట్టి మూసేయండి.

ఒరుగుదల విషయంలోనూ ఇంతే. మన వైపు జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి జోరుగా ఉంటుంది, రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. ఆరుబయట పెరిగిన చెట్లు చిన్నప్పటి నుంచీ ఆ గాలికి తూర్పుకు వాలి, అందుకు తగ్గట్టు వేళ్లు, మాను బలపరచుకుంటాయి. కింద వాలి, పైన మళ్లీ నిటారుగా లేచిన చెట్టు పాతకాలపు వాలుది, అంత భయం లేదు. మొదలు నుంచి చివరి దాకా కర్రలా ఒకే గీతలో వాలి ఉంటే అది ఈమధ్య ఒరిగింది. ఏప్రిల్, మే ఈదురుగాలికి ఫలానా దిక్కంటూ లేదు, ఈశాన్య వానల గాలి తూర్పు నుంచి వస్తుంది. అలవాటు లేని వైపు నుంచి గాలి కొట్టినప్పుడే చెట్లు ఎక్కువగా దెబ్బతింటాయి. కొత్త భవనం కట్టడానికి పక్క వరస చెట్లు తీసేస్తే, అప్పటిదాకా చాటున పెరిగి మొదటిసారి గాలికి ఎదురు నిలిచిన చెట్లను రెండు మూడేళ్లు ఓ కంట కనిపెట్టాలి.

ఇక మాను. చుట్టూ తిరుగుతూ మోకాలి ఎత్తు నుంచి తల ఎత్తు దాకా జానెడుకో దెబ్బ సుత్తితో కొట్టండి. గట్టి చెక్క టక్కుమంటుంది, డొల్ల చెక్క డప్పులా మోగుతుంది. మోగినంత మాత్రాన కొట్టేయాలని కాదు. చేవ పోయి తొర్ర పడ్డ చింతలు ఎన్నో తరాలు నిలుస్తాయి, గొట్టం కూడా బలమైనదే, గోడ మందం ఉన్నంతకాలం. చుట్టూతా గట్టి చెక్క మందం, అడ్డుకొలతలో సగం తీసుకుని అందులో మూడో వంతుకు తగ్గకుండా ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలమానం. పైన చెప్పిన ఆరడుగుల వేపకు అది 10 సెంటీమీటర్లు, అంటే నాలుగంగుళాలు. తొర్ర నోట్లోంచి చువ్వ దూర్చి మెత్తగా దిగేది ఎంత, ఆగిపోయేది ఎక్కడ అని కొలవొచ్చు. తొర్రకు పక్కన పెద్ద నోరు తెరుచుకుని ఉంటే ఈ లెక్క సరిపోదు, ఇంకా మందం కావాలి. ఎండాకాలంలో తొర్రలో చెయ్యి పెట్టకండి, పాములు చల్లదనానికి చేరతాయి. తొర్రలో సిమెంటు పూడ్చడం పాత అలవాటు. చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు, మధ్యలో నీళ్లు నిలిచి పుచ్చు పెరుగుతుంది, మీకు లోపల ఏముందో కనిపించకుండా పోతుంది. అలా పూడ్చినవి ఉంటే ప్రత్యేకంగా రాసుకోండి.

మొదట్లో గోధుమ రంగు, పైన వార్నిషు పూసినట్టు మెరిసే, కింద తెల్లటి అంచున్న గట్టి పుట్టగొడుగు అరలా పొడుచుకొస్తే అది గానోడెర్మా. పైన ఆకు పచ్చగానే ఉండొచ్చు, కింద వేళ్లు, మొదలు కుళ్లిపోతుంటాయి. మనుషులు తిరిగే చోట అలాంటి చెట్టు ఉంటే దాన్ని ఉంచాలని వాదించడం కష్టం. చెదల మట్టి మాత్రం అంత భయపెట్టేది కాదు. బెరడు మీద మట్టి పూత తుడిచి చూడండి, అవి చాలాసార్లు పైనున్న చచ్చిన బెరడునే తింటుంటాయి. ఆ మట్టి దారి పగుల్లోకో, తొర్రలోకో, పాత గాయంలోకో పోతుంటే మాత్రం లోపల ఎండు చెక్క ఉందని అర్థం. అక్కడ సుత్తి, చువ్వ వాడండి. ఏళ్ల కింద పెట్టిన ఇనుప ట్రీగార్డులు, ఫ్లెక్సీ తీగలు, బట్టలారేసే జీఐ వైర్లు మానులోకి దిగి ఉంటే అవీ రాసుకోవాలి. గార్డును కట్టర్‌తో ముక్కలు చేసి తీయించండి, లోపలికి పూర్తిగా మింగేసిన ముక్కను లాగొద్దు. రంపం పట్టేవాడికి మాత్రం ముందే చెప్పాలి, చైన్‌సాకు ఇనుము తగిలితే గొలుసు తెగి ఎగురుతుంది.

తర్వాత పంగలు. యూ అక్షరంలా వెడల్పుగా తెరుచుకున్న పంగ బలమైనది, రెండు కొమ్మల మధ్య బెరడు పైకి మడతలా ఉబ్బి కనిపిస్తుంది. వీ అక్షరంలా ఇరుకుగా ఉండి, సమాన లావున్న రెండు మానులు ఒకదాన్నొకటి నెడుతుంటే, బెరడు లోపలికి మడతపడి మధ్యలో అతుకే ఉండదు. పంగ కింద రెండు పక్కలా చెవుల్లా ఉబ్బి, మధ్యలో నల్లటి గీత, వాన తర్వాత అందులోంచి నీరు కారడం చూస్తే చీలిక మొదలైందని అనుకోవాలి. గీతకు అటూ ఇటూ పెయింటు చుక్కలు పెట్టి ఎడం కొలిచి రాయండి. ఆరు నెలలకు అది పెరిగితే ఆగడం కుదరదు. ఇవన్నీ అయ్యాక బైనాక్యులర్‌తో పైకి చూసి, విరిగి వేలాడే కొమ్మలు, బొటనవేలి కంటే లావు ఎండు కొమ్మలు, పోయినసారి తల కొట్టిన చోట లేచిన గుంపులు రాసుకోండి.

జాతిని బట్టి అనుమానం మారుతుంది. తురాయి, పచ్చతురాయి, ఆకాశమల్లె, సుబాబుల్ పెళుసు. తురాయి గాయాన్ని మూసుకోవడంలో చేతకానిది, నాలుగంగుళాల కంటే లావు కోత పెడితే పుచ్చడం దాదాపు ఖాయం. నిద్రగన్నేరు గొడుగులా చాచిన కొమ్మలు వాన నీటి బరువుకు, గాలి ఆగిపోయాక కూడా, విరిగి పడొచ్చు; వాన వెలిసిందని వెంటనే దాని కింద బైకు తీయడానికి పోనివ్వకండి. నరికిన మోడు నుంచి మళ్లీ లేచిన జామాయిల్ మానులు పాత మోడుకు పక్కన అంటుకుని ఉంటాయి, అక్కడే ఊడతాయి. కొబ్బరికి విరగడం కంటే కాయలు, ఎండు మట్టలు రాలడమే సమస్య. దారి పక్కవాటికి రెండు నెలలకోసారి దింపించడమే మందు. మర్రి ఊడలు తలలకు తగులుతున్నాయని కత్తిరించేస్తుంటారు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఎకరాల కొద్దీ పరుచుకుని నిలిచింది ఆ ఊడల మీదే. దారికి అడ్డొచ్చేవి తీసి, బరువు కొమ్మల కింద రెండు మూడింటిని మట్టీ ఎరువూ నింపిన వెదురు గొట్టంలోంచి నేలకు దింపితే, అవే స్తంభాలవుతాయి, ఇనుప ఊతం ఖర్చు తప్పుతుంది.

వేప గురించి విడిగా చెప్పాలి, మీ ఆవరణలో ఎక్కువ అవే అన్నారు కాబట్టి. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా కొసలు మాడినట్టు ఎండిపోవడం ఈ మధ్య ఏళ్లలో చాలాచోట్ల చూస్తున్నాం. అది ఎక్కువగా ఫోమాప్సిస్ అనే బూజు తెచ్చే ఎండు తెగులు, టీ దోమ అనే పురుగు రసం పీల్చడం కూడా తోడవుతుంది. చెట్టు చచ్చిందని కొట్టేయకండి. మార్చి, ఏప్రిల్ చిగురు వచ్చేదాకా ఆగండి, చాలా చెట్లు తేరుకుంటాయి. అప్పటికీ చిగురు రాని కొమ్మ మీద గోటితో గీకి చూడండి. కింద పచ్చగా ఉంటే బతికుంది, గోధుమగా పొడిగా ఉంటే ఆ కొమ్మ వరకే తీయించండి.

చూడటం అయ్యాక ప్రతి చెట్టుకూ ఒక నిర్ణయం. కొట్టేయడం ఆఖరి మాట. మొదటి మాట: కింద ఉన్నదాన్ని జరపగలమా? చెట్టు కదలదు, బెంచీ కదులుతుంది, బైకుల షెడ్డు కూడా కదులుతుంది. రెండోది ఎండు, విరిగిన కొమ్మలు తీయడం. చాలా చెట్లకు ఇదొక్కటే చాలు. మూడోది పొడుగ్గా సాగిన కొమ్మను మొదలంటా తీయకుండా, కొస నుంచి వెనక్కి, కనీసం మూడో వంతు లావున్న పక్క కొమ్మ దాకా తగ్గించడం. కొస నుంచి నాలుగడుగులు తగ్గినా పంగ మీద పడే బరువు బాగా తగ్గుతుంది. ఒక దఫాలో పచ్చటి ఆకు భాగంలో పావు వంతు మించొద్దు, ముసలి చెట్టుకు పదోవంతే. కొమ్మ లోపలి చిన్న రెమ్మలన్నీ గీకేసి కొసన మాత్రం ఆకు వదిలే పద్ధతి ఒకటుంది, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది కానీ బరువంతా చివరకు చేరి అదే విరుగుతుంది. నేల కదిలినవి, మొదలు కుళ్లినవి, చీలిక పెరుగుతున్నవి, వీటికే గొడ్డలి. నేల కదిలినవాటికి, వేలాడే కొమ్మలకు వారం గడువు, చోటు అప్పటిదాకా మూసి ఉండాలి. మిగతావి గాలివానల కాలం వచ్చేలోగా.

కోత మూడు గాట్లలో. మానుకు అడుగు దూరంలో కొమ్మ కింది వైపు నుంచి మూడో వంతు లోతు ఒక గాటు. దానికి రెండు మూడంగుళాలు బయటగా పైనుంచి రెండో కోత, ఇక్కడ కొమ్మ పడిపోతుంది, బెరడు మాను దాకా చీలదు. మిగిలిన మొండిని కొమ్మ మొదట్లో కంకణంలా ఉబ్బిన చోటుకు సరిగ్గా బయట మూడో కోత. కంకణం కోసేస్తే గాయం మూసుకోదు, జానెడు మొండి వదిలితే అదే ఎండి పుచ్చు లోపలికి దారి చూపిస్తుంది. పైన తారు, పెయింటు పూయడం వల్ల లాభం లేదు. మామిడి తోటల్లో పూసే బోర్డో పేస్టు పూస్తామంటే అభ్యంతరం లేదు, అది పుచ్చును ఆపుతుందని మాత్రం అనుకోవద్దు.

కరెంటు లైను పక్క చెట్లు మీ కూలీల పని కాదు. కొమ్మ గానీ, మనిషి గానీ, కోసిన కొమ్మ పడే దారి గానీ లైనుకు పదడుగుల లోపు వస్తుందంటే కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసుకు రాతపూర్వకంగా రాసి, లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపినట్టు అనుమతి) తీసుకున్నాకే చెట్టెక్కాలి. ఫోన్‌లో "ఆపేశాం అన్నా" అంటే చాలదు. లైనును విడదీసే స్తంభం మీది ఏబీ స్విచ్ తెరిచింది కంటితో చూడాలి, లైనుకు ఎర్త్ గొలుసు వేయించాలి. మీ హాస్టలు జనరేటరు, కప్పు మీది సోలార్, ఎవరిదో ఇన్వర్టరు వెనక్కి కరెంటు పంపొచ్చు, ఆ గొలుసు అందుకే. అందరూ దిగి, లెక్కపెట్టాకే ఎల్‌సీ తిరిగివ్వాలి. పచ్చి కొమ్మ, తడిసిన వెదురు, అల్యూమినియం నిచ్చెన మూడూ కరెంటును మోస్తాయి. గాలివానకు తీగ తెగి చెట్టు మీద పడితే దగ్గరికి పోకుండా 1912కు చేయండి.

అనుమతి విషయం. వాల్టా అని పిలిచే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద సొంత స్థలంలోదైనా చెట్టు కొట్టడానికి సాధారణంగా అనుమతి కావాలి. ముందు మున్సిపల్ లేదా పంచాయతీ ఆఫీసులో, తర్వాత అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో కనుక్కోండి. దరఖాస్తుతో మీరు ఇవన్నీ రాసుకున్న రిజిస్టరు పేజీ, నేల పగులు ఫోటో, పుట్టగొడుగు ఫోటో జత చేస్తే "ఎందుకు కొడుతున్నారు" అన్న ప్రశ్నకు జవాబు ముందే ఉంటుంది. అలంకారానికి నాటిన ఎర్రచందనం ఏదైనా ఉంటే దాని జోలికి మాత్రం అటవీ శాఖ కాగితం చేతికి రాకుండా పోవద్దు. విరిగిపడిన కొమ్మను పక్క ఊరికి తరలించినా కేసవుతుంది. కడప జిల్లా వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

పని రోజున మొదట పెరతేనె పట్టు ఉందేమో చూడండి. చైన్‌సా మోతకు లేచాయంటే పైనున్నవాడు దూకడం తప్ప చేయగలిగింది లేదు. పట్టుంటే ఆ చెట్టు ఇంకో రోజుకు. పిల్లలకు సెలవున్న రోజు పెట్టుకోండి, నిలువునా పడేసే చెట్టుకు ఎత్తుకు రెండింతల దూరం ఖాళీ చేయించండి. షెడ్డు పక్కవాటిని నిలువునా పడేయకూడదు, ముక్కలుగా కోసి మోకుతో దింపాలి. మోకును కింద ఇంకో మాను మొదలుకు రెండు మూడు చుట్లు తిప్పి పట్టుకుంటే బరువు మెల్లగా జారుతుంది, చుట్లు వేయకుండా ఒట్టి చేత్తో పట్టుకున్నవాడు తాడుతోపాటు పైకి లేస్తాడు. వాలిన చెట్టును జేసీబీతో నెట్టించడం చూస్తుంటాం. అది ఎటు తిరుగుతుందో డ్రైవరుకీ తెలియదు.

తీసిన ప్రతి చెట్టుకూ బదులు నాటేటప్పుడు మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు గుంత, దాని గోడలు పలుగుతో బీటలు వారేలా పొడిపించడం, కవరు పూర్తిగా తీసి చుట్టుకున్న వేళ్లు విప్పడం, మొదలు చుట్టూ మూడడుగుల మేర బండలు, సిమెంటు లేకుండా వదలడం. మూడో ఏట ట్రీగార్డు తీయించే తారీఖు ఇప్పుడే రిజిస్టర్లో రాసేయండి. లేదంటే దాన్ని మళ్లీ చెట్టు లోపలే చూస్తారు.

ఇప్పుడు మీ తురాయి సంగతి. కొమ్మ ఊడిన చోట చెక్క రంగు చూడండి. పాలలా తెల్లగా, పేళ్లు లేచి ఉంటే గట్టి కొమ్మే గాలి బలానికి విరిగింది. అంచు సరిచేసి, మిగతా పొడుగు కొమ్మలు కొంచెం తగ్గిస్తే చాలు. గోధుమగా, చిన్న చిన్న ఇటుకల్లా విడిపోతూ ఉంటే పుచ్చు మానులోకి ఎంతదాకా పోయిందో సుత్తితో కొట్టి చూడాలి. మధ్యలో నల్లటి పాత బెరడు కనిపిస్తే అది ఇరుకు పంగ. ఆ చెట్టులో దాని జోడీ కొమ్మ ఇంకా పైనే ఉంటుంది, ఇప్పుడు ఆసరా పోయి ఒంటరిగా. అదే అయితే ఇవాళ్టి నుంచే షెడ్డు ఖాళీ చేయించండి. విరిగిన చోటుది దగ్గరగా ఒకటి, మొదలు నేలను తాకే చోటుది ఒకటి, పడమటి వైపు నిలబడి మొత్తం చెట్టుది ఒకటి, మూడు ఫోటోలు పెట్టండి. ఛాతీ ఎత్తులో చుట్టుకొలత కూడా రాయండి.